మూడో స్లైడు

మా కొట్టు, కిటికీ పక్క బల్ల
జనవరి 6

పండూ,

ఈ అక్షరాలు చూసి ఎవరో రెండో క్లాసు పిల్ల రాసిందనుకునేవు. నేనే. ఎడమ చేత్తో రాస్తున్నాను. నువ్వు నవ్వుకుంటే నవ్వుకో కానీ చదవకుండా మాత్రం పక్కన పెట్టకు.

ఫోన్ చేస్తే "బాగవుతుందక్కా, డ్యూటీలో ఉన్నా" అని పెట్టేస్తున్నావు. మూడుసార్లూ అదే మాట, అదే గొంతు. కాగితమైతే మధ్యలో పెట్టెయ్యలేవుగా, అందుకని రాస్తున్నాను.

ఆపరేషనై ఇరవై మూడు రోజులు. మణికట్టు మీద గడ్డ పోయింది, కుట్లు ఆరిపోయాయి. కానీ చూపుడు వేలూ మధ్య వేలూ నావి కావు. ఎవరివో తెచ్చి అతికించినట్టున్నాయి. నిన్న ఒక చేతి గడియారం విప్పాను. పట్టకారుతో స్క్రూ పట్టుకున్నానని అనుకున్నాను. భూతద్దంలోంచి చూస్తే పట్టకారు ఖాళీ. స్క్రూ ఎప్పుడో నేల మీద పడింది. పడిన సంగతి నా వేళ్ళు నాకు చెప్పలేదు. మీ బావ బస్సు డ్యూటీ దిగి వచ్చి, టార్చి వేసుకుని గంటసేపు మోకాళ్ళ మీద వెతికారు. దొరకలేదు. బొటనవేలు కూడా మిగతా వేళ్ళకి ఎదురుగా సరిగ్గా వంగడం లేదు.

గడ్డ తియ్యకముందు నొప్పి ఉండేది కానీ వేళ్ళు పనిచేసేవి. "ఆ డాక్టరు చెయ్యి బంగారం, మా ఆస్పత్రిలోనే చేయించుకో, నేనున్నాను" అన్నావు. ఆ గడ్డ ముక్క మీ ల్యాబుకే వచ్చిందనీ, స్లైడ్లు నువ్వే చేశావనీ కూడా చెప్పావు. మరి లోపల ఏం జరిగిందో నీకంటే బాగా ఎవరికి తెలుస్తుంది? నాకు అర్థమయ్యేలా రాయి.

అక్క

*

ల్యాబు, రెండో అంతస్తు
జనవరి 12

అక్కా,

నవ్వలేదు. నీ ఎడమ చేతి రాత నా కుడి చేతి రాత కంటే నయంగా ఉంది.

అర్థమయ్యేలా చెబుతాను. నరం అంటే ఒంటి తీగ కాదు. లోపల సన్నటి పోగులు వేలకొద్దీ ఉంటాయి. అవి విడివిడిగా ఉండవు, కట్టలు కట్టలుగా ఉంటాయి. ఒక్కో కట్ట చుట్టూ ఒక తొడుగు. మేం పెరిన్యూరియం అంటాం. పేరు పెద్దదే కానీ పొర చాలా పల్చన. అయినా గట్టిది. బయటినుంచి చెడ్డది లోపలికి పోనివ్వదు, లోపలి పోగుల్ని చెదరనివ్వదు. రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తే గులాబీ రంగు ఉంగరాల్లా కనిపిస్తాయి.

గడ్డ తీసేటప్పుడు నరం కాస్త సాగుతుంది. లోపలి పోగులు కొన్ని తెగుతాయి. కానీ తొడుగు బాగుంటే భయం లేదు. కొత్త పోగు ఆ తొడుగులోంచే నెమ్మదిగా పాకుతూ తన వేలికి తను చేరుకుంటుంది. రోజుకి ఒక్క మిల్లీమీటరు. నీ విషయంలో జరిగింది అంతే. తొడుగులు బాగున్నాయి.

ఒక చిన్న పరీక్ష ఉంది. మణికట్టు మీద మచ్చ దగ్గర్నుంచి అరచేతి వైపు వేలితో మెల్లగా తడుతూ వెళ్ళు. ఒకచోట వేళ్ళలోకి జివ్వున కరెంటు కొట్టినట్టుంటుంది. పెరుగుతున్న పోగు కొస అక్కడ ఉందన్నమాట. ఆ చోటు వారం వారం ముందుకి జరుగుతుంది.

ఓపిక పట్టు. బావని అడిగానని చెప్పు.

పండు

*

మా కొట్టు
ఫిబ్రవరి 25

పండూ,

కొలవమని గడియారాలు బాగుచేసే దానికి చెప్పావు. తెలిసే చెప్పావా?

జనవరి పదహారున మొదలుపెట్టాను. ఇరుసులు కొలిచే పరికరంతో, మచ్చ చివర్నుంచి జివ్వుమన్న చోటు దాకా. నాలుగు మిల్లీమీటర్లు. మర్నాడు నాలుగు. వారం తర్వాత నాలుగు. ప్రతి రోజూ స్నానం చేశాక, చెయ్యి వెచ్చగా ఉన్నప్పుడు, అదే కుర్చీలో, అదే వెలుతురులో కొలిచాను. ఇవాళ్టికి నలభై రోజులు. నీ లెక్క ప్రకారం అది నా అరచేతి మధ్యకి వచ్చేసి ఉండాలి. ఇవాళా నాలుగే.

నా పరికరం అబద్ధం ఆడదు. అది నాకంటే పెద్దది.

ఇంకో రెండు సంగతులు. నీ ఉత్తరం మొదటి పేజీ నల్ల సిరా, రెండో పేజీ నీలం సిరా. మొదటి పేజీ "లోపలికి పోనివ్వదు" దగ్గర ఆగింది. రెండో పేజీ పైన అక్షరాలు ఇరుకిరుగ్గా, చివర ఖాళీ బోలెడు. అంటే ముందు రాసిన రెండో పేజీ చింపేసి మళ్ళీ రాశావు. అందులో ఏం రాశావు?

రెండోది. గడ్డ రిపోర్టు మళ్ళీ తీసి చూశాను. "ప్రమాదం లేని గడ్డ, పూర్తిగా తీయబడినది" అని ఒకే వాక్యం. అడుగున చీమల్లాంటి అక్షరాల్లో "సవరించిన ప్రతి" అని ఉంది. సవరించక ముందు ఏముంది?

మీ బావతో అంటే "వాడు నీ తమ్ముడే, వాడి మీద కూడా అనుమానమా" అన్నారు. అనుమానం కాదు, అడుగుతున్నానంతే అన్నాను. ఆ మాట అన్నాక నాకే నమ్మకం కలగలేదు.

కొట్టులో పని సగం వెనక్కి పంపేస్తున్నాను. గోడ గడియారాలే తీసుకుంటున్నాను.

అక్క

*

ల్యాబు
మార్చి 3

అక్కా,

నీకు ఇవన్నీ ఎవరు నూరిపోస్తున్నారు? బావేనా? ఆపరేషన్ వద్దని ముందు గొడవ చేసింది ఆయనే కదా.

నరాన్ని గడియారం కొలిచినట్టు కొలవకూడదు. ఒకరికి తొందరగా వస్తుంది, ఒకరికి ఆలస్యమవుతుంది. "సవరించిన ప్రతి" అంటే నీ పేరులో ఒక అక్షరం తప్పు పడింది, దిద్దారు. రోజుకి పది రిపోర్టులు అలా దిద్దుతారు. సిరా అయిపోతే ఇంకో పెన్ను తీసుకున్నాను. దానికి కూడా సంజాయిషీ చెప్పాలా?

ఇప్పుడే వేరే డాక్టర్ల చుట్టూ తిరగకు. చెయ్యి మళ్ళీ కోయించుకుంటే ఉన్నది కూడా పోతుంది. ఒక సంవత్సరం ఆగు.

పండు

*

మా కొట్టు
మార్చి 27

పండూ,

పోయిన మంగళవారం నేను మీ ఆస్పత్రికి వచ్చాను. నీకు చెప్పలేదు. ల్యాబు కిటికీ ముందు వరసలో నిలబడ్డాను. నువ్వు లోపల గాజు పలకల ట్రే పట్టుకుని వెళ్తూ నన్ను చూశావు. చూసి, తల దించుకుని, వెనక గదిలోకి వెళ్ళావు. చూడలేదని మాత్రం రాయకు. ట్రే చప్పుడు చేసింది.

కిటికీలో కూర్చున్న అమ్మాయి మంచిది. కంప్యూటర్లో చూసి చెప్పింది. "మీ పేరు రెండు రిపోర్టుల్లోనూ ఒకేలా ఉందండీ. తప్పేం లేదు. మొదటిది మాత్రం మాకు తెరుచుకోదు, మేడమ్‌ని అడగాలి." మేడమ్ అంటే మీ ల్యాబు పెద్ద డాక్టరే కదా. ఆవిడ మీటింగులో ఉన్నారట. రెండు గంటలు కూర్చున్నాను. మీటింగు అవలేదు.

మీ బావ నన్ను ఇంకో ఊళ్ళో ఒక ముసలి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన నా కొలతల కాగితం తీసుకుని, పై నుంచి కింది దాకా చదివారు. ఎవరూ అలా చదవలేదు ఇప్పటిదాకా. "నలభై రోజులు కదల్లేదంటే నరంలో కొన్ని కట్టలు తొడుగులతో సహా తెగి ఉండాలమ్మా. మధ్యలో ఖాళీ ఉంటే పోగు దాటలేదు. ఆ ఖాళీలో వేరే నరం ముక్క వేసి అతకొచ్చు. కానీ ఆలస్యమయ్యే కొద్దీ లాభం తగ్గిపోతుంది. బొటనవేలి కండ ఎండిపోతే తర్వాత ఎవరూ ఏం చెయ్యలేరు" అన్నారు. సంవత్సరం ఆగమన్నావు నువ్వు.

కోసే ముందు ఆయనకి రుజువు కావాలి. "బాగున్న నరాన్ని ఊరికే మళ్ళీ కెలకను. గడ్డ స్లైడ్లు తెప్పించండి. అందులో నరం కట్టలు కనిపిస్తే ఇక ఆలోచించను" అన్నారు. అర్జీ పెట్టాం. నిన్న పెట్టె వచ్చింది. చీటీ మీద నాలుగు స్లైడ్లు అని ఉంది. లోపల ఒకటి, రెండు, నాలుగు. మూడో గాడి ఖాళీ.

స్లైడ్లు చేసింది నువ్వు. నంబరు వేసింది నువ్వు. పెట్టెలో పెట్టేది నువ్వు.

మూడోది ఎక్కడ?

అక్క

*

నా గది
ఏప్రిల్ 9

అక్కా,

నా దగ్గరే ఉంది.

ఈ ఉత్తరం మొత్తం ఒకే పెన్నుతో రాస్తున్నాను, ఏ పేజీ చింపను.

డిసెంబరు పదిహేడున నీ గడ్డని మైనం దిమ్మలో పెట్టి, పల్చటి పొరలుగా కోశాను. గోరువెచ్చటి నీళ్ళ మీద ఆ సన్నటి ముక్కలు తేలుతుంటే గాజు మీదికి ఎక్కించాను. రంగు వేశాక అలవాటు కొద్దీ ఒకసారి నేనూ చూశాను. మూడో దాంట్లో గడ్డ పక్కన రెండు ఉంగరాలు ఉన్నాయి. చక్కగా, గుండ్రంగా, ఎక్కడా చెడకుండా. లోపల పోగులు నిండుగా ఉన్నాయి. పుస్తకంలో బొమ్మ వెయ్యడానికి పనికొచ్చేంత బాగున్నాయి. అలాంటివి నీ చేతిలో ఉండాలి, నా గాజు మీద కాదు. గడ్డతో పాటు రెండు మంచి కట్టల్ని కోసేశారు.

మేడమ్ చూశారు. ఉన్నది ఉన్నట్టు రాశారు. "గడ్డతో పాటు ఆరోగ్యంగా ఉన్న నరం కట్టలు రెండు కనిపించాయి" అని. సాయంత్రం నీకు ఆపరేషన్ చేసిన చేతి డాక్టరు కిందికి వచ్చారు. నేను మూల సింకు దగ్గర గ్లాసులు కడుగుతున్నాను.

"ఆ రెండో లైను అవసరమా?" అన్నారు.

"ఉంది కాబట్టి రాశాను" అన్నారు మేడమ్.

"గడ్డ మంచిదే కదా. ఆవిడకి కావలసింది ఆ ఒక్క మాట. మిగతాది చెప్పి బెదరగొట్టడం దేనికి? రెండు కట్టలు పోతే చెయ్యి ఏం ఆగిపోదు."

మేడమ్ రిపోర్టు మళ్ళీ చదివారు. తర్వాత నన్ను పిలిచి, "మూడోది సరిగ్గా రాలేదు, పారేసెయ్" అన్నారు. నా మొహం చూడలేదు. మైనం దిమ్మలో ఆ భాగం అయిపోయింది, ఆ ఉంగరాలు ఉన్నది ఆ ఒక్క గాజు మీదే.

ఆ నెల నన్ను పర్మనెంటు చేసే కాగితం మేడమ్ బల్ల మీద ఉంది. ఎనిమిదేళ్ళు ఆ కాగితం కోసం చూశాను. "అలాగే మేడమ్" అన్నాను. పగిలిన గాజు వేసే డబ్బా దాకా వెళ్ళాను. అందులో వెయ్యకుండా చొక్కా జేబులో వేసుకున్నాను. నీ కోసం దాచానా, నా భయం కోసం దాచానా అని అడగకు. నన్ను నేను చాలాసార్లు అడిగాను. రోజుకో జవాబు వచ్చింది.

నువ్వు కనిపెట్టిన ఆ చింపేసిన పేజీలో ఇదంతా రాశాను. మర్నాడు పొద్దున పర్మనెంటు కాగితం చేతికొచ్చింది. పేజీ చింపేశాను. తొడుగులు బాగున్నాయని రాశాను. బాగానే ఉన్నాయి మరి, నా సొరుగులో.

నిన్ను కిటికీ దగ్గర చూశాను. వెనక గదిలోకి వెళ్ళి నిలబడ్డాను. ఏం చెయ్యాలో తెలియక గాజులు లెక్కపెట్టాను.

స్లైడు దూదిలో చుట్టి, చిన్న చెక్క పెట్టెలో పెట్టి, మనిషి చేతికిచ్చి పంపుతున్నాను. దాంతో పాటు నేను సంతకం పెట్టిన కాగితం ఉంది. ఏ రోజు, ఏ గంటకి, ఎవరు ఏమన్నారో అన్నీ రాశాను. ఆ ముసలి డాక్టరుకి చూపించు. ఎవరికి కావాలంటే వాళ్ళకి చూపించు.

పండు

*

మా ఇల్లు
ఏప్రిల్ 17

పండుకి,

పెట్టె పన్నెండో తేదీన అందింది. స్లైడు పగల్లేదు.

పెట్టె తెరిచే ముందు ఇది వేరే వాళ్ళ స్లైడేమో అనుకున్నాను. తెరిచాక నంబరు నీ చేత్తో వేసిందేనా, ఇప్పుడు కొత్తగా వేసిందా అని భూతద్దం పెట్టి చూశాను. ఒకటి, రెండు, నాలుగు పక్కన పెట్టి అంకె అంకె పోల్చాను. నన్ను ఈ స్థితికి తెచ్చావు.

ముసలి డాక్టరు తన గదిలో మైక్రోస్కోపు పెట్టి నన్ను కూడా చూడమన్నారు. చూశాను. రెండు ఉంగరాలు. నా కంటికి అవి చాలా అందంగా కనిపించాయి. నా చేతిలో నలభై ఆరేళ్ళు ఉన్నవి, నేను ఎప్పుడూ చూడనివి.

ఇరవై నాలుగున ఆపరేషన్. పిక్కలోంచి ఒక నరం తీసి అతుకుతారట.

ఆపరేషనైన రోజు నుంచి పెట్టె అందిన రోజు దాకా నూట పందొమ్మిది రోజులు. "మొదటి నెలలోనే వచ్చి ఉంటే బాగుండేది" అన్నారు ఆయన, తిట్టినట్టు కాదు, మామూలుగానే. నిన్ను స్కూలుకి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళిన చెయ్యి ఇది. ఇంతకంటే రాయను, కాగితం పాడవుతుంది.

ఆస్పత్రికి రాకు. మీ బావ నిన్ను చూస్తే ఏం చేస్తారో నాకు తెలియదు. నేనేం చేస్తానో అంతకంటే తెలియదు.

అక్క

*

నా గది
జూన్ 20

అక్కా,

జవాబు కోసం రాయడం లేదు. జరిగింది నా నోటి నుంచే నీకు తెలియాలని రాస్తున్నాను. నమ్మకపోతే మూడు విచారణ కాగితాల నకళ్ళు జత చేశాను, పోల్చి చూసుకో.

మే నెలలో ఆస్పత్రి పెద్దలకి నేనే అర్జీ ఇచ్చాను. విచారణ పెట్టారు. పొడుగు బల్ల, అటు అయిదుగురు, ఇటు నేను. చేతి డాక్టరు "ఈ కుర్రాడికి నా మీద కోపం, అక్క కోసం కట్టుకథ అల్లాడు" అన్నారు. ఆయన మాటకి అందరూ తల ఊపారు. అప్పుడు మేడమ్ లేచి నిలబడ్డారు. "మొదటి రిపోర్టు నేను రాసిందే. మార్చింది కూడా నేనే. అతను చెప్పింది నిజం" అన్నారు. నాకంటే ఆవిడకి పోయేది ఎక్కువ.

చేతి డాక్టరుని ఆపరేషన్లు చెయ్యకుండా ఆపారు. మేడమ్ ఉద్యోగం వదిలి వెళ్ళిపోయారు. స్లైడు బయటికి తీసుకెళ్ళినందుకు, ఇన్నాళ్ళు దాచినందుకు నన్ను తీసేశారు. అది న్యాయమే. ఇప్పుడు పశువుల ఆస్పత్రి ల్యాబులో చేస్తున్నాను. ఆవుల నరాల్లో కూడా అవే ఉంగరాలు, కొంచెం పెద్దవి.

నీ చెయ్యి ఎలా ఉందో బావకి ఫోన్ చేసి అడిగాను. "బతికే ఉంది" అని పెట్టేశారు.

పండు

*

మా కొట్టు, కిటికీ పక్క బల్ల
నవంబరు 8

పండూ,

నీ నకళ్ళు పోల్చాను. ఆ ఆస్పత్రికి వెళ్ళి అసలు కాగితాలతో కూడా పోల్చాను. సరిపోయాయి. నాకు అదో జబ్బు పట్టుకుంది ఇప్పుడు. కూరగాయల తూకం దగ్గర్నుంచి బస్సు టైము దాకా ఏదీ ఒక్కసారి వింటే నమ్మను.

ఈ ఉత్తరం కుడి చేత్తో రాస్తున్నాను. ఎడమ చేతి రాతే బాగుందని మీ బావ అంటున్నారు.

చెయ్యి సంగతి చెబుతాను. కొలత కదిలింది. ఆపరేషనైన ఏడో వారం మొదలైంది. ఒకరోజు సున్నా, ఒకరోజు రెండు, మొత్తానికి ముందుకే వెళ్ళింది. అరచెయ్యి దాటింది. పోయిన నెల చివర్లో వేళ్ళ కొసలకి వచ్చింది. వేడి గ్లాసు ముట్టుకుని "అబ్బా" అన్నాను. మీ బావ కంగారుగా పరిగెత్తుకొచ్చారు. కాలిందండీ, నిజంగా కాలింది అని నేను నవ్వుతుంటే ఆయన నా నుదురు పట్టుకుని చూశారు.

బొటనవేలు వంగుతోంది కానీ దాని కింద కండ పూర్తిగా రాలేదు, ఇక రాదట. పిక్కలోంచి నరం తీశారు కదా, ఆ పాదం పక్కన మొద్దుగా ఉంటుంది, చెప్పు జారినా తెలియదు. ఆడవాళ్ళ చిన్న గడియారాలు ఇక చెయ్యలేను. ఆ పనిముట్ల పెట్టె పక్క వీధి ముసలాయనకి ఇచ్చేశాను. ఆ రోజు కొట్టు తెరవలేదు.

ఒక చిక్కు మిగిలింది. తెగిన కట్టల్ని అతికారు కదా, పోగులు కొన్ని ఒకదాని తొడుగులోకి ఇంకొకటి దూరాయట. మధ్య వేలు ముట్టుకుంటే చూపుడు వేలు ముట్టుకున్నట్టు తెలుస్తోంది. చూపుడు వేలైతే ఒక్కోసారి రెండూ. ముసలి డాక్టరు దీనికి ఒక సాధన చెప్పారు. నేను కళ్ళు మూసుకోవాలి. ఎదురుగా ఒకరు కూర్చుని పెన్సిలు వెనక వైపుతో ఒక వేలు ముట్టుకోవాలి. ఏ వేలో నేను చెప్పాలి. తప్పు చెబితే అప్పటికప్పుడు తప్పని చెప్పాలి. అలా నెలల తరబడి చేస్తే బుర్ర కొత్త దారి నేర్చుకుంటుందట.

మీ బావని కూర్చోబెట్టాను. వారం రోజులు నేను చెప్పిందల్లా "కరెక్టే" అన్నారు. ఒక్కటి కూడా తప్పు లేదు. అంత బాగా ఎలా వస్తుందని నాకు అనుమానం వచ్చింది. నిన్న ఒక కన్ను సందు చేసి చూశాను. ఆయన మధ్య వేలు ముట్టుకున్నారు. నేను కావాలని బొటనవేలు అన్నాను. "కరెక్టే" అన్నారు, మొహం వెలిగిపోతూ. నిలదీస్తే, "నువ్వు సంతోషపడతావని" అన్నారు. ఆయన మీద కోపం తెచ్చుకోవడానికి కూడా లేదు. కానీ వారం రోజుల సాధన గంగలో కలిసింది.

కొట్టుకొచ్చే వాళ్ళని అడగలేను. మొహమాటానికి అందరూ కరెక్టే అంటారు. తప్పయితే తప్పని నా మొహం మీద చెప్పే మనిషి కావాలి. ఆలోచించాను. ఆ విచారణలో పొడుగు బల్ల ముందు నిలబడి చెప్పినవాడు ఒకడున్నాడు. నా దగ్గర నూట పందొమ్మిది రోజులు చెప్పనివాడూ వాడే. ఇద్దరిలో ఎవరు వస్తారో చూద్దామనుకుంటున్నాను.

క్షమించానని అనుకోకు. ఆ సంగతి ఇంకా తేలలేదు. మీ బావకి చెప్పాను, ఆయన గొణుక్కుంటూ గదిలో కుర్చీ ఒకటి ఖాళీ చేశారు.

ఆదివారం పదింటికి రా. పెన్సిలు నేనిస్తాను. ఎదురుగా కూర్చో. నేను కళ్ళు మూసుకుంటాను.

ఒక కన్ను కొంచెం తెరిచే ఉంచుతాను.

అక్క